తాళంచెవి ఎవరి కొంగున? ఆస్ట్రేలియా ఆదివాసీ పల్లెల్లో గ్రంథాలయానికి వచ్చిన చిక్కు

1935లో గుంటూరు జిల్లాలో ఒక పడవ పుస్తకాలు మోసింది. పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద తిరుగుతూ, ఆగిన రేవులో కొత్త పుస్తకాలిచ్చి పాతవి తీసుకునేది. పాతూరి నాగభూషణం, ఆయన తోటివారు నడిపిన ఆ పడవలో మన గ్రంథాలయోద్యమం మొత్తం కనిపిస్తుంది. చదువు కొందరి పెట్టెల్లో మగ్గకూడదు, తలుపులు తెరవాలి, వీలైతే వాకిట్లోకే తెచ్చివ్వాలి. అంతకు నాలుగేళ్ల ముందు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ చెప్పిన ఐదు సూత్రాల్లోనూ ఇదే మాట ఉంది: ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు.

ఆ గాలిలో పెరిగిన మనకు ఆస్ట్రేలియాలో ఒక మారుమూల ఆదివాసీ పల్లె గ్రంథాలయం సంగతి ఒకపట్టాన మింగుడుపడదు. అక్కడి కంప్యూటర్లో కొన్ని బొమ్మలు ఆడవాళ్లు మాత్రమే చూడాలి. కొన్ని పాటలు దీక్ష పొందిన మగవాళ్లే వినాలి. నిన్నటిదాకా పిల్లలంతా మూగి చూసిన ఫోటో ఈరోజు తెరమీద ఉండదు, కొన్నాళ్లకు మళ్లీ రావచ్చు. నడిపేది చాలావరకు ప్రభుత్వ సొమ్ముతోనే. మరి దీన్ని గ్రంథాలయం అనవచ్చా? అక్కడి గ్రంథాలయాధికారులు కూడా తమను తాము వేసుకున్న ప్రశ్నే ఇది.

అయిదు రెట్ల నేల, ఒక పట్నమంత జనం

ఇలాంటి పల్లెలు ఎక్కువగా ఉన్న ప్రాంతం ఆస్ట్రేలియా ఉత్తరాన నార్తర్న్ టెరిటరీ. దాని విస్తీర్ణం దాదాపు 13.5 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపితే ఎంతో దానికి సుమారు అయిదు రెట్లు. జనాభా మాత్రం రెండున్నర లక్షల చిల్లర. వాళ్లలో పావు వంతుకు పైగా అబొరిజినల్ ప్రజలు (ఖండపు ఆదివాసులు), టోరెస్ జలసంధి దీవుల ప్రజలు. ఆస్ట్రేలియా మొత్తం మీద ఈ వాటా 3.2 శాతమే అని 2021 జనాభా లెక్కలు చెబుతున్నాయి.

యూరోపియన్లు స్థిరపడిన 1788 నాటికి ఆ ఖండంలో 250కి పైగా భాషలుండేవి. చాలావరకు పోయాయి. పిల్లలు ఇంకా అమ్మ నోటి నుంచి నేర్చుకుంటున్న కొద్ది భాషల్లో ఎక్కువ ఈ ఉత్తర, మధ్య ప్రాంతాలవే. కాబట్టి పల్లె గ్రంథాలయానికి వచ్చే మనిషికి ఇంగ్లిషు రెండో భాషో, మూడోదో అవుతుంది. వానకాలంలో ఉత్తరాన చాలా ఊళ్లకు రోడ్డు తెగిపోతుంది. ఇంటర్నెట్ ఉపగ్రహం ద్వారా రావలసిన ఊళ్లు ఎన్నో. ఊళ్లో చావు జరిగితే సంతాప దినాల్లో పనులన్నీ ఆగుతాయి, గ్రంథాలయానికీ తాళం పడుతుంది. ఉన్న ఒక్క ఉద్యోగీ పోయినవారి బంధువే అయి ఉంటారు మరి.

ఇంకొక సంగతి ముందే తెలుసుకోవాలి. 1976 నాటి భూమి హక్కుల చట్టం వల్ల టెరిటరీలో దాదాపు సగం నేల అబొరిజినల్ సమూహాల సొంతమైంది. ఆ నేల మీద అడుగుపెట్టాలంటే బయటివారు సాధారణంగా అనుమతి పత్రం తీసుకోవాలి. అడిగి లోపలికి రావడం అక్కడ మామూలు మర్యాద. జ్ఞానం విషయంలోనూ వాళ్ల లెక్క అదే.

పుస్తకాల గది, జ్ఞాన కేంద్రం

చాలాకాలం ఈ పల్లెలకు వచ్చిన గ్రంథాలయ సేవ అంటే టెరిటరీ రాజధాని డార్విన్ నుంచి వచ్చిన ఇంగ్లిషు పుస్తకాల పెట్టెలే. చదివేవారు తక్కువ. 2000 తర్వాత నార్తర్న్ టెరిటరీ గ్రంథాలయ సంస్థ దారి మార్చింది. పుస్తకాల గదిలోనే కంప్యూటర్లు, స్కానర్లు పెట్టి, ఊరి ఫోటోలు, పాటలు, పెద్దల మాటలు, పాత వీడియోలు ఒకచోట చేర్చే పని మొదలుపెట్టింది. పేరు కూడా ‘గ్రంథాలయాలు, జ్ఞాన కేంద్రాలు’ అని మార్చింది. ఈ కార్యక్రమానికి 2007లో బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్ పది లక్షల డాలర్ల పురస్కారం ఇచ్చింది. క్వీన్స్‌లాండ్ రాష్ట్రం కూడా కేప్ యార్క్, టోరెస్ జలసంధి ప్రాంతాల్లో ఇలాంటి కేంద్రాలే పెట్టింది.

తేడా పేరులో ఒక్కటే కాదు. మామూలు గ్రంథాలయంలో సరుకు బయటి నుంచి ఊళ్లోకి వస్తుంది. జ్ఞాన కేంద్రంలో ఊరి సరుకే ఊరికి తిరిగి వస్తుంది. నూటయాభై ఏళ్లుగా మిషనరీలు, మానవశాస్త్రజ్ఞులు, పోలీసులు, సర్వేయర్లు ఈ జనాన్ని ఫోటోలు తీశారు, పాటలు రికార్డు చేశారు, వస్తువులు పట్టుకుపోయారు. అవన్నీ అడిలైడ్, కాన్‌బెరా, లండన్ మ్యూజియాల్లో చేరాయి. తీసిన ఫోటోలో ఉన్న మనిషి మనవరాలికి ఆ ఫోటో ఉన్నట్టే తెలియదు. డిజిటల్ ప్రతులైనా వెనక్కి తేవాలన్న పనికి మొదటి గట్టి నమూనా టెరిటరీకి దక్షిణాన పిట్జంజారా భాష మాట్లాడే అనంగు ప్రజలది. 1994లో వాళ్లు మొదలుపెట్టిన సంగ్రహం పేరు ‘అర ఇరిటిజ’. పాతకాలం నాటి కథలు అని అర్థం. ఎర్రదుమ్ములో, ఎండలో, కరెంటు పోయి వచ్చే ఊళ్లలో పనిచేసేలా కంప్యూటర్ను చక్రాల పెట్టెలో బిగించి తిప్పారు. మన పడవకు అది దూరపు చుట్టం అనుకోవచ్చు.

ఒక్క ఫోటోను చేతిలోకి తీసుకుంటే

చిక్కు ఎక్కడుందో తెలియాలంటే ఒక ఊహా ఉదాహరణ చాలు. 1938లో ఒక మిషనరీ తీసిన ఫోటో అనుకుందాం. నీటిగుంట పక్కన ముగ్గురు స్త్రీలు, ఒక పాప. వెనక రాసి ఉన్నది ‘స్థానిక స్త్రీలు, నీటిగుంట’ అని. ఎనభై ఏళ్లు నగరంలో ఒక మ్యూజియం సొరుగులో పడి ఉన్న ఆ ఫోటో స్కానై ఊరి గ్రంథాలయానికి వచ్చింది.

మొదట చట్టాన్ని అడుగుదాం. ఆస్ట్రేలియాలో 1955కు ముందు తీసిన ఫోటోలకు కాపీరైట్ తీరిపోయింది. ఎవరైనా వాడుకోవచ్చు, క్యాలెండర్ మీద అచ్చువేసుకోవచ్చు.

ఊరిని అడిగితే సంగతి వేరు. ఫోటో తెరమీదకు రాగానే ఒక ముసలావిడ ఆ పాపను గుర్తుపట్టింది. తన మేనత్త. ముగ్గురు స్త్రీలకూ పేర్లు చెప్పింది, ఆ గుంట పేరు చెప్పింది, ఆ ఏడు వాళ్లు అక్కడికి ఎందుకు నడిచివచ్చారో చెప్పింది. పది నిమిషాల్లో ఫోటో వెనక ఉన్న రెండు ముక్కలు కాస్తా రెండు పేజీలయ్యాయి. మ్యూజియం ఎనభై ఏళ్లు దాచింది కాగితాన్ని, జ్ఞానం మాత్రం ఊళ్లోనే ఉంది. ఇది లాభం.

ఇక ముడులు. ఆ స్త్రీలలో ఒకరి కూతురు మొన్ననే చనిపోయింది. చాలా సమూహాల్లో పోయినవారి పేరు పలకరు, బొమ్మ చూడరు. మనం దండ వేసి గోడకు తగిలించే ఫోటోను వాళ్లు కొంతకాలం కళ్లబడకుండా చేస్తారు. ఆ కూతురు ఉన్న ఫోటోలనే కాదు, తల్లి ఉన్న ఈ ఫోటోను కూడా కుటుంబం మూసెయ్యమంటుంది. ఎంతకాలం అన్నది కుటుంబమే చెప్పాలి. రెండో ముడి ఆ నీటిగుంట. అది స్త్రీల క్రతువులు జరిగే చోటైతే, మగవాళ్లు చూడటం తప్పు. మూడోది అన్నిటికన్నా కష్టం. ఆ చోటు గురించి చెప్పే అధికారం తమదే అని రెండు కుటుంబాలు అంటే? గ్రంథాలయ ఉద్యోగి ఆ రెంటిలో ఒక కుటుంబం మనిషే అయితే?

మ్యూజియంలో ఉన్నప్పుడు ఈ ప్రశ్నలు లేవు. అడిగేవాళ్లు లేకపోవడమే కారణం.

కాపీరైట్ చట్టం చేతికి అందనివి

కాపీరైట్‌కు కావలసినవి ఒక కర్త, ఒక కృతి, ఒక గడువు. వాళ్ల పాటకు కర్త పూర్వీకుడైన ఒక సృష్టిజీవి. హక్కు ఒక వంశానిది, గడువు లేదు. రికార్డింగుకు వస్తే హక్కు టేపు తిప్పినవాడి పక్షాన నిలుస్తూ వచ్చింది, పాడిన గొంతు పక్షాన కాదు.

అందుకే వాళ్లు వేరే వాకిళ్లు తట్టారు. ఒక మానవశాస్త్రజ్ఞుడు 1940లో మధ్య ఆస్ట్రేలియాలో తిరిగి, పిట్జంజారా పెద్దలు నమ్మి చెప్పిన పురుషుల రహస్య విషయాలను 1976లో పుస్తకంగా వేశాడు. అది ఆడవాళ్ల కంటా పిల్లల కంటా పడితే తమ సమాజమే ఛిన్నాభిన్నమవుతుందని పెద్దలు కోర్టుకెక్కారు. టెరిటరీలో ఆ పుస్తకం అమ్మకాన్ని న్యాయస్థానం ఆపింది. కారణం కాపీరైట్ కాదు, నమ్మి చెప్పిన మాటను బయటపెట్టడం. ఒక వైద్యుడో వకీలో నోరు జారితే వర్తించే సూత్రమే ఇక్కడా వర్తించింది.

1998లో ఇంకో మెట్టు. గనల్బింగు తెగ కళాకారుడి బొమ్మను ఒక కంపెనీ గుడ్డ మీద అచ్చువేసి దిగుమతి చేసుకుంది. బొమ్మ మీద కాపీరైట్ తెగకు చెందుతుందని ఫెడరల్ కోర్టు ఒప్పుకోలేదు. కానీ తెగ నమ్మకాన్ని కాపాడే బాధ్యత ఆ కళాకారుడి మీద ఉందని, తెగ కట్టుబాటుకు విరుద్ధంగా ఆ బొమ్మను వాడుకోరాదని చెప్పింది. (ఆ కళాకారుడు ఇప్పుడు లేరు. పేరు ఎందుకు రాయలేదో పై ఉదాహరణ చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.)

అంతర్జాతీయంగా, 2007లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఆదివాసీ హక్కుల ప్రకటనలో 31వ అధికరణ సంప్రదాయ జ్ఞానం మీద అదుపు ఆయా ప్రజలదే అంటుంది. ఆనాడు వ్యతిరేకంగా ఓటు వేసిన నాలుగు దేశాల్లో ఆస్ట్రేలియా ఒకటి. 2009లో మనసు మార్చుకుంది. 2024 మేలో జెనీవాలో ప్రపంచ మేధో సంపత్తి సంస్థ ఒక ఒప్పందాన్ని ఆమోదించింది. దాని పరిధి పేటెంట్లే: జన్యు వనరులు, వాటితో ముడిపడిన సంప్రదాయ జ్ఞానం ఎక్కడి నుంచి వచ్చాయో దరఖాస్తులో చెప్పాలి. పాటకు, ఫోటోకు, కథకు అది గొడుగు పట్టదు.

కంప్యూటర్లోకి దిగిన సంచి

చట్టం పట్టించుకోని చోట సాఫ్ట్‌వేర్ పట్టించుకుంది. టెన్నంట్ క్రీక్ ఊళ్లో వారుముంగు ప్రజలకు న్యింకా న్యున్యు అనే సాంస్కృతిక కేంద్రం ఉంది. తిరిగివచ్చిన పాత ఫోటోలను అక్కడ ఎలా పెట్టాలన్న తర్జనభర్జనలోంచి ‘ముకుర్తు’ అనే వ్యవస్థ పుట్టింది. కింబర్లీ క్రిస్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు వారితో కలిసి పనిచేశారు. ముకుర్తు అంటే వారుముంగులో భుజాన వేసుకునే అల్లిక సంచి. పవిత్ర వస్తువులు అందులో ఉంటాయి. సంచి ఒక పెద్దమనిషి దగ్గర ఉంటుంది. చూడాలన్నవారు వెళ్లి, కూర్చుని, తమకు తగునో కాదో తేల్చుకుని అడగాలి.

సాఫ్ట్‌వేర్ కూడా అదే చేస్తుంది. ఖాతా తెరిచేటప్పుడు నీవు ఎవరు, ఏ కుటుంబం, స్త్రీవా పురుషుడివా, ఏ చోటుకు సంబంధించినవాడివి అన్నది నమోదవుతుంది. ప్రతి ఫోటోకూ ఎవరు చూడవచ్చో దాన్ని పెట్టినవారు గుర్తుపెడతారు. రెండూ కలిస్తేనే బొమ్మ తెరుచుకుంటుంది. అర ఇరిటిజలో అయితే ‘దుఃఖం’ అని గుర్తుపెట్టే వీలుంది, ఆ ఫోటో కొన్నాళ్లు కనబడదు. ముకుర్తు ఇప్పుడు ఉచితంగా దొరుకుతుంది, ఇతర దేశాల ఆదివాసులూ వాడుతున్నారు.

పెద్ద సంస్థల విషయంలో వేరే ఉపాయం చేశారు. పాత సరుకు మీద హక్కు ఎలాగూ వాటిదే కాబట్టి, కనీసం చీటీ అంటించమన్నారు. ‘లోకల్ కాంటెక్స్ట్స్’ అనే సంస్థ రూపొందించిన ఈ సంప్రదాయ జ్ఞాన చీటీలకు చట్టబలం లేదు. ఇది ఫలానా ఋతువులోనే వినదగినది, ఇది వ్యాపారానికి కాదు, ఇది ఫలానా ప్రజలది అని చెప్పి ఊరుకుంటాయి. ప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికాది. 1890లో మెయిన్ రాష్ట్రంలో పాసమక్వాడీ ప్రజల పాటలను మైనపు స్తూపాల మీద రికార్డు చేశారు. క్షేత్రానికి వెళ్లి చేసిన తొలి రికార్డింగులు అవే. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2018లో వాటిని బయటపెట్టినప్పుడు ఆ ప్రజలు ఎంచుకున్న చీటీలతో, వాళ్ల భాషలో పేర్లతో పెట్టింది.

కేటలాగులో ఇరుక్కున్న పేర్లు

ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ రోజూ పని ఆపేది ఇదే. గ్రంథాలయాలు పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో అమర్చే డ్యూయీ వర్గీకరణలో జానపద కథలకు 398.2 అనే అంకె ఉంది. ఆదివాసీ సృష్టికథల పుస్తకాలు తరచు అక్కడికే చేరుతుంటాయి. అనంగు వాటిని ‘జుకుర్పా’ అంటారు. అందులో సృష్టి ఉంది, భూమి హద్దులున్నాయి, ఎవరు ఎవరిని పెళ్లాడాలో ఉంది, శిక్ష ఉంది. భూమి హక్కుల విచారణల్లో పాటలు పాడి, క్రతువులు చేసి చూపి సాక్ష్యమిచ్చారు. పొలం దస్తావేజును పిట్టకథల అరలో పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది వాళ్లకు.

పేర్ల సంగతి మరీ విచిత్రం. వార్ల్‌పిరి ప్రజల్లో ఒకరు చనిపోతే, అదే పేరున్న బతికున్నవారిని కూడా కొంతకాలం ‘కుమన్‌జై’ అని పిలుస్తారు. మనకు ఇది పూర్తిగా కొత్త కాదు. మామగారి పేరు కొడుక్కి పెట్టుకున్న కోడలు ఆ పేరు నోట పలకకుండా ‘నాన్నా’ అనో ‘బాబూ’ అనో పిలవడం మన ఇళ్లలో చూసినదే. కానీ కేటలాగుకు ఈ మర్యాద తెలియదు. కర్త పేరు కొడితేనే పుస్తకం చూపిస్తుంది. పలకకూడని పేరు కొట్టకుండా పుస్తకం వెతకడం ఎలా? అందుకే ఊరి పేరుతో, కుటుంబంతో, భాషతో వెతికే దారులు పెట్టవలసి వచ్చింది. ఆస్ట్రేలియా గ్రంథాలయాలు ఆదివాసీ భాషలకు ఒక్కొక్క సంకేతం ఇచ్చే పట్టికను ఇప్పుడు కేటలాగుల్లో వాడుతున్నాయి.

నాలుగు వైపుల నుంచి అభ్యంతరాలు

తెరిచి ఉంచాలనేవారి వాదన తేలికది కాదు. ప్రజల సొమ్ముతో నడిచే చోట స్త్రీపురుషులను బట్టి ఇది చూడు, ఇది చూడకు అనడం వివక్ష కాదా? ‘పెద్దలు’ ఎవరో ఎవరు తేల్చారు? పెత్తనం ఉన్నవాడే ఆచారం పేరు చెప్పి నోళ్లు మూయించడం మన దేశంలో మనం చూడనిదా? వేదం చెవినబడితే శిక్ష అన్న స్మృతుల మీద పోరాడిన నేలలో ఈ ప్రశ్న మరీ గట్టిగా వినిపిస్తుంది.

దానికి అటునుంచి వచ్చే సమాధానం ఇది: మా దగ్గర జ్ఞానం మెట్లు మెట్లుగా వస్తుంది, బాధ్యత మోయగలిగినవారికి బాధ్యతతో పాటు ఇస్తాం. స్త్రీల రహస్యాలు స్త్రీలకున్నాయి, వాటి జోలికి మగవాళ్లు రారు. పైగా మా మాట మా నుంచి మీరు పట్టుకుపోయారు, తలుపు తెరవమని మాకే నీతి చెబుతున్నారు. ఈ సమాధానంలో బలం ఉందని నాకనిపిస్తుంది. ఆ స్మృతుల తాళం పైవాడు కిందివాడి మీద వేసినది. ఇక్కడ తాళం అడుగుతున్నవారు దోపిడీకి గురైనవారు. అయినా పెత్తనం ప్రశ్న దానితో తీరిపోదు, ఊరి లోపల మళ్లీ మొదలవుతుంది.

మూడో గొంతు అన్నిటికన్నా బాధాకరం. 1910ల నుంచి 1970ల దాకా ప్రభుత్వాలు, చర్చిలు వేలాది ఆదివాసీ పిల్లలను తల్లుల నుంచి లాక్కెళ్లి సంస్థల్లో పెంచాయి. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది వీళ్లకే. తమ అమ్మమ్మ ఎవరో తెలుసుకోవాలంటే వీళ్లకున్న దారి ఆ పాత ఫోటోలు, మిషన్ రిజిస్టర్లే. ‘నీవు ఏ కుటుంబం?’ అని ముకుర్తు అడిగితే వాళ్ల దగ్గర జవాబు లేదు. జవాబు కోసమే వచ్చారు వాళ్లు. దీనికి సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు. ఊరి మనిషి ఒకరు పక్కన కూర్చుని మాట్లాడటమే దారి, అందుకు జీతం ఇచ్చి మనిషిని పెట్టాలి.

నాలుగోది మామూలు ఖర్చుల గొడవ. అసలు ఈ ఊళ్లకు కావలసింది ఇంగ్లిషు చదువు, ఉద్యోగ దరఖాస్తులు, బ్యాంకు పనులు నేర్పే చోటు అని, పాత ఫోటోలు పట్నం వాళ్ల మోజు అని అనేవారున్నారు. 2008లో టెరిటరీ ప్రభుత్వం బడుల్లో రోజూ మొదటి నాలుగు గంటలు ఇంగ్లిషే అని ప్రకటించినప్పుడు ఈ ధోరణే కనిపించింది. 1970ల నుంచి ద్విభాషా బడుల కోసం ఊళ్లలో అచ్చయిన స్థానిక భాషల వాచకాలు దానితో మూలపడ్డాయి. వాటిని ఏరుకొచ్చి స్కాన్ చేసే సంగ్రహాన్ని చార్లెస్ డార్విన్ విశ్వవిద్యాలయం 2012లో మొదలుపెట్టింది. ఇప్పుడు పదుల భాషల్లో వేల పుస్తకాలు అందులో ఉన్నాయి, అందరికీ తెరిచే ఉన్నాయి. పిల్లల కోసం రాసినవి, రాసినవారు ఇమ్మన్నవి కాబట్టి అక్కడ తాళం అక్కరలేకపోయింది.

మన గడపలో ఇదే ప్రశ్న

భారతదేశం కూడా ఒక తాళం వేసుకుంది. ఆయుర్వేద, యునాని, సిద్ధ గ్రంథాల్లోని మందులను విదేశాల్లో పేటెంట్ చేసుకోకుండా 2001లో మొదలైన సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం చాలాకాలం పేటెంట్ కార్యాలయాలకే తెరుచుకునేది. 2022లో కేంద్ర మంత్రివర్గం ఇతరులకూ తెరవాలని నిర్ణయించింది. కానీ అది ప్రధానంగా రాసిపెట్టిన గ్రంథాల సంగతి. చెంచు, కోయ, సవర వైద్యుల నోట ఉన్నదాన్ని ఎవరు నమోదు చేయాలి, ఎవరికి చూపాలి అన్నది వేరే పంచాయితీ.

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో గోండి భాష రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. వాటి లిపికి ఊరి పేరే పెట్టారు, 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే ఆ అక్షరాలు ఇప్పుడు ప్రపంచంలో ఏ కంప్యూటర్లోనైనా కొట్టుకోవచ్చు. గోండుల వంశకథలను తరతరాలుగా పాడి కాపాడినవారు ప్రధాన్ అనే గాయక సమూహం వారు. అక్షరం అందరిదైంది. పాట ఎవరిది, ఎప్పుడు పాడాలి అన్నవి ఆ గాయకుల మధ్య ఇప్పటికీ నడుస్తున్న నియమాలు.

అక్కడికి కొంచెం దూరంలో, ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో మార్లవాయి ఉంది. 1940లలో మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్, ఆయన భార్య ఎలిజబెత్ గోండుల మధ్య బతికిన ఊరు. ఆయన తీసిన ఫోటోలు, చిత్రాలు లండన్‌లోని సోయాస్ సంస్థకు చేరాయి. అందులో ఎన్నో ఇంటర్నెట్‌లో చూడవచ్చు, ఏ తాళమూ అడ్డురాదు. ఆ దంపతుల సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి, ఊరివాళ్లు ఏటా జనవరిలో వర్ధంతి జరుపుతారు. ఆ ఫోటోల్లో ఉన్న మనుషుల మనవలు ఆ ఊళ్లలోనే ఉన్నారు. టెన్నంట్ క్రీక్‌లోలాగా వాళ్లను ఆ బొమ్మల ముందు కూర్చోబెట్టి, ఇది ఎవరు, ఎక్కడ, ఎవరు చూడవచ్చు అని అడిగితే, ఫోటో వెనక రాతలు ఎన్ని మారతాయో.